యీషున్‌లో మంచుకాటు

నా కుడిచేతిలో మూడు వేళ్లకు చివరి కణుపు లేదు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది. ఏడాది పొడవునా చెమట పట్టే సింగపూర్‌లో ఎవరైనా చూసి ఏమైందని అడిగితే "మంచు" అని చెప్పాల్సి వస్తుంది. చాలామంది నమ్మరు. ఏ మిషన్‌లోనో పడి ఉంటాయిలే అన్నట్టు తలాడిస్తారు.

గాయాలు మానాయి. ఊపిరి కుదుటపడింది. ఇక ఆరు నెలలకొకసారి వస్తే చాలని డాక్టరు చెప్పారు. కొంచెం నిలదొక్కుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మా ఆఫీసుల్లో వారం పది రోజుల సెలవు దొరికితే చాలు, కొండలెక్కడానికి టికెట్లు కొనే మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చదవాలి. చదివి నామీద కోపం వచ్చినా సరే.

మాది కర్నూలు. Y2K పని కోసం నన్నూ మా ఆయన రఘునూ వేరువేరు కంపెనీలు ఇక్కడికి తీసుకొచ్చాయి. యీషున్‌లో తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్, ఎనిమిదేళ్ల కూతురు మేఘన. రెండు వేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఆ వెంటనే ఇంటర్నెట్ బూమ్ అందుకుంది. వారానికొక కొత్త తెలుగు కుటుంబం దిగేది. నాకు ఒక బ్యాంకు ప్రాజెక్టు అప్పజెప్పారు. ఖాతాదారులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద లావాదేవీలు చేసుకునే ఏర్పాటు అది. నా కింద పదకొండుమంది. అది బ్యాంకులో నిజంగా మొదలయ్యే రోజును మేం గో-లైవ్ అనేవాళ్లం. మే నెలాఖరు సోమవారం అని గోడ మీద ఎర్ర ఇంకుతో రాసుకున్నాం.

దానికి ముందు పది రోజులు సెలవు పెట్టి హిమాలయాలకు వెళ్దామని ఆఫీసులో నలుగురు అనుకున్నారు. నేను ఐదోదాన్ని. అప్పటికి ఏడాదిన్నరగా శనివారం, ఆదివారం లేకుండా పనిచేస్తున్నాను. ఎక్కడో తెల్లగా, నిశ్శబ్దంగా ఉండే చోట నిలబడాలని ఉండేది.

"చిన్న పిల్లను పెట్టుకొని ఇప్పుడు కొండలెక్కాల్నా?" అన్నారు మా ఆయన.

"పది రోజులే కదండీ. గైడ్ ఉంటాడు."

"సరే, పో. ఏమన్నా అయితే మాత్రం నన్ను అడగొద్దు."

ఆ మాట ఆయన కోపంలో అన్నదే. కానీ నా మనసులో ముల్లులా ఉండిపోయింది. తర్వాత నేను చేసిన తప్పుకు అదొక సాకైంది.

మా గైడ్ పేరు దోర్జే. ముప్పై ఐదేళ్లుంటాయి. మేం దాటబోయే కనుమ కింది ఊరివాడే. వాళ్ల నాన్న కూడా గైడే. పెద్దగా మాట్లాడడు. మాట్లాడినప్పుడు మాత్రం కొండల గురించే. మూడో రోజు సాయంత్రం డేరాల దగ్గర కూర్చుని ఎదురుగా కొండవాలులో నిలువునా దిగే పెద్ద గాడిని చూపించాడు. దానికి రెండు వైపులా ఉన్న చెట్లన్నీ కిందికి వంగి ఉన్నాయి. మధ్యలో ఒక్క చెట్టు కూడా లేదు.

"అవి గాలికి వంగినవి కావు దీదీ. మంచు దిగే దారి అది. ప్రతి ఏడూ దిగుతుంది. ఎప్పుడన్నదే తెలియదు" అన్నాడు హిందీలో.

అక్కడ ఎవరెవరు పోయారో చెప్పాడు. వాళ్ల చిన్నాన్న, మధ్యాహ్నం పూట కంచరగాడిదలతో దాటుతూ. ఇద్దరు గొర్రెల కాపరులు, మంద ముందు వెళ్లిపోయాక. అవతలి ఊరి పెళ్లివాళ్లలో నలుగురు, ముహూర్తానికి అందుకోవాలని తొందరపడి. మంచు కరిగేదాకా వాళ్లు దొరకలేదట. అతను ఇవన్నీ భయపెట్టడానికి చెప్పలేదు. మా పేటలో ఏ కూడలి దగ్గర బ్రేకు వెయ్యాలో చెప్పినట్టు చెప్పాడు. పాత గట్టి మంచు మీద కొత్త మంచు పడితే రెండూ అతుక్కోవు. ఆ మీద ఎండ కాస్తే, లేదా గాలి ఒకవైపే మంచును పోగేస్తే, పైపొర పలకలాగా జారుతుంది. కాలి కింద 'వుమ్' అని చప్పుడు వస్తే వెనక్కి తిరగాలి. దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటాలి, బ్యాగు పట్టీలు వదులు చేసుకోవాలి, మంచు వస్తే చెయ్యి మూతికి అడ్డం పెట్టుకోవాలి. మేం ఫొటోలు తీసుకుంటూ విన్నాం.

తిరుగు ప్రయాణంలో మంచు మూడు రోజులు ఆగకుండా కురిసింది. డేరాల్లోంచి కదల్లేదు. నాలుగో రోజు పొద్దున్నే ఆకాశం కడిగినట్టు నీలంగా తేలింది. ఎండ కళ్లు చెదిరేలా కాసింది. నేను అందరినీ లేపి సామాన్లు సర్దించాను. శుక్రవారం అది. ఆ రోజు ఆ గాడి దాటితే అవతల జీపు, మర్నాడు ఢిల్లీ విమానం, సోమవారం గో-లైవ్.

దోర్జే వచ్చి నిలబడ్డాడు. "ఈ రోజు వద్దు దీదీ. రేపు నాలుగింటికి లేద్దాం. ఎండ పడకముందే దాటేద్దాం."

"రేపైతే విమానం పోతుంది."

"పోనీండి. ఇంకో విమానం ఉంటుంది."

మిగతా నలుగురూ నా వంక చూశారు. వాళ్లకు ఆగాలనే ఉంది, మొహాల్లో తెలుస్తోంది. కానీ వాళ్లంతా నా కింద పనిచేసేవాళ్లు. ఎవరూ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. ఆఫీసులో రోజూ చేసే పనే అది.

వంట సామాన్లు కట్టాక అతను మళ్లీ వచ్చాడు. "వద్దు దీదీ. పదకొండైంది. ఈ వేళప్పుడు మా ఊళ్లో ఎవరూ దాటరు."

"బాధ్యత నాది. నువ్వు తీసుకెళ్లకపోతే మీ ఆఫీసుకు ఫిర్యాదు చేస్తాను" అన్నాను.

ఆ వాక్యం నేను అన్నాను. ఇంకెవరో అన్నారని రాయగలిగితే బాగుండేది. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, వంగి బూట్ల తాళ్లు బిగించుకున్నాడు.

ముందు అతను దాటాడు. అవతలి గట్టు నుంచి రమ్మని చెయ్యి ఊపాడు. నేను సగం దూరం వెళ్లాను. కాలి కింద చప్పుడైంది. అతను చెప్పినట్టే ఉంది, పెద్ద తలుపు ఎక్కడో లోపల మూసుకున్నట్టు. తల ఎత్తేసరికి పైన మంచులో అడ్డంగా ఒక గీత కనిపించింది. ఆ తర్వాత కాళ్ల కింద నేల లేదు.

మంచు మెత్తగా ఉంటుందని మనం అనుకుంటాం. దొర్లుతున్నంతసేపూ నీళ్లలా ఉంది. ఆగిన క్షణంలో సిమెంటులా బిగుసుకుంది. కనురెప్ప తప్ప ఏదీ కదలదు. ఏది పైనో, ఏది కిందో తెలియదు. ఎడమచెయ్యి మూతి ముందు ఉండిపోయింది, అందుకే కొంచెం గాలి దక్కింది. ఆ చీకట్లో నాకు మా అమ్మాయి గుర్తొచ్చిందని చెప్పాలని ఉంది. కానీ నాకు గుర్తొచ్చింది సోమవారం. సోమవారానికి ఎవరు సంతకం పెడతారా అనుకున్నాను. తర్వాత ఏమీ లేదు.

దాదాపు పావుగంట లోపల ఉన్నానట. పైకి పొడుచుకొచ్చిన నా కుడిచెయ్యి చూసి దోర్జే పరిగెత్తుకొచ్చాడట. పార మాతో వచ్చిన వంటవాడి దగ్గర, ఇవతలి గట్టు మీద ఉంది. అతను ఆగలేదు. చేతులతోనే తవ్వాడు. తొడుగులు చిరిగిపోతే ఉత్త చేతులతో తవ్వాడు. నన్ను లాగి ఇవతలి గట్టుకు చేర్చేసరికి పైన ఇంకో పలక వేలాడుతోంది, ముందుకు వెళ్లే దారి లేదు. ఆ రాత్రి అందరం గొర్రెల కాపరుల రాతిగుడిసెలో ఉన్నాం. తడిసిన బట్టలు, గడ్డకట్టే చలి. నా కుడిచేతి తొడుగు మంచులో పోయింది. దోర్జే తన సంచిలో మిగిలిన ఒక్క పొడి జతనూ తీసి నా చేతులకు తొడిగాడు. తన చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను చూశాను. వద్దనలేదు.

మర్నాడు ఎండ పడకముందే దిగువ ఊరి నుంచి మనుషులు వచ్చి మోసుకెళ్లారు. జీపులో నన్ను వెనక సీట్లో పడుకోబెట్టారు. అతను ముందు కూర్చున్నాడు, చేతులకు ఉన్ని శాలువా చుట్టుకుని. చిన్న ఆసుపత్రిలో ముందు నాకు కట్లు కట్టారు. అతను బయట బెంచీ మీద ఉన్నాడు. నన్ను అంబులెన్సు ఎక్కిస్తుంటే లేచి నిలబడ్డాడు. శాలువాలో అతని చేతులు ఎలా ఉన్నాయో చూడాలని నాకు తోచలేదు.

మా ఆయన ఢిల్లీ ఆసుపత్రికి వచ్చారు. వచ్చీ రాగానే నా తల నిమిరి ఏడ్చారు. తర్వాత అడిగారు.

"ఆ గైడ్ ఏమీ చెప్పలేదా? మంచు పడ్తాదని తెలీదా వానికి?"

"లేదు" అన్నాను.

ఒక్క మాటే. ఆయన వద్దన్నా వచ్చానన్న సిగ్గు, దానికి తోడు అక్కడ కూడా వద్దంటే వినలేదని చెప్పుకోలేకపోవడం. కొంచెం కోలుకున్నాక సరిదిద్దుకోవచ్చులే అనుకున్నాను.

సింగపూర్ ఆసుపత్రిలో నేనొక వింతనైపోయాను. అక్కడి కుర్ర డాక్టర్లు మంచుకాటును పుస్తకంలోనే చూశారు. పెద్ద డాక్టరు వెంట గుంపుగా వచ్చి నల్లబడిన నా వేళ్లను చూసి, మర్యాదగా థ్యాంక్యూ చెప్పి వెళ్లేవాళ్లు. వేళ్లు ఎప్పుడు తీస్తారని అడిగితే పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపారు. "తొందర లేదు. ఎంతవరకు బతికుందో, ఎంతవరకు పోయిందో శరీరమే గీత గీస్తుంది. రెండు నెలలైనా ఆగాలి."

ఆ ఆగడమే జబ్బు. వారానికి రెండుసార్లు కట్లు మార్పించుకోవడానికి వెళ్లి, నంబరు చీటీ పళ్ల మధ్య పట్టుకుని కూర్చునేదాన్ని. పక్క కుర్చీలో తరచూ ఒక చైనీస్ పెద్దాయన ఉండేవారు. షుగరు జబ్బుతో కాలి వేళ్లు పోయినాయన. నా నంబరు పిలిస్తే నాకంటే ముందు ఆయనే చెయ్యెత్తేవారు. ఒకరోజు బ్రెడ్డుకు కొబ్బరి జామ్ రాసి తెచ్చి, ముక్కలు చేసి నా నోటికి అందించారు. ఆయనకు నా పేరు తెలియదు, నాకు ఆయన పేరు తెలియదు. అంత మంచితనం నాకు తగదని ఆ బ్రెడ్డు ముక్క నములుతూ అనుకున్నాను.

అప్పటికే మా ఆయన ట్రెక్కింగ్ సంస్థకు ఫిర్యాదు రాశారు. రెండు పేజీలు. గైడుకు అనుభవం లేదని, హెచ్చరించలేదని, ప్రాణాలతో ఆడుకున్నాడని. టైపు చేసి ఆసుపత్రి మంచం దగ్గరికి తెచ్చారు.

"నీ సంతకం కావాల. యెట్ల పెడ్తావు?"

రెండు చేతులకూ కట్లు. బయటికి కనిపించేది ఎడమ బొటనవేలు ఒక్కటే. మేఘన తన స్కూలు సంచిలోంచి బొమ్మల ముద్రలు వేసుకునే ఊదారంగు ప్యాడ్ తీసింది. "అమ్మా, యూజ్ మైన్ లా!" అంది సంబరంగా, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. ఇంజనీరింగ్ చదివినదాన్ని, ఆ కాగితం మీద వేలిముద్ర వేశాను. చదవకుండా వెయ్యలేదు. చదివే వేశాను.

నాతో వచ్చిన నలుగురిలో ఒకతను ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ సంస్థవాళ్లు మమ్మల్ని కూడా అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"మీరేం చెప్పనక్కర్లేదు. అంతా నేను రాశాను" అన్నాను. అతను "సరే మేడమ్" అన్నాడు.

గో-లైవ్ సంగతి కూడా అతనే చెప్పాడు. ఆ సోమవారం జరగలేదట. బ్యాంకువాళ్ల వైపు ఏదో సిద్ధం కాక మూడు వారాలు వాయిదా వేశారట. వాయిదా గురించి నేను కొండమీద ఉండగానే ఈమెయిల్ వచ్చిందట.

జూన్, జూలై నెలల్లో ఇంట్లో నన్ను చూసుకున్నది మా అంతస్తులోనే ఉండే లక్ష్మి ఆంటీ. ఆమె మా పక్క పేట సెంబవాంగ్‌లో పుట్టారు. వాళ్ల నాన్న ఇంగ్లీషువాళ్ల నౌకాదళ స్థావరంలో పనిచేయడానికి విశాఖ వైపు నుంచి వచ్చారట. ఆమె తెలుగులో సగం అరవం, మలయ్ కలిసి ఉండేవి. రోజూ పదకొండింటికి గిన్నె పట్టుకుని వచ్చేవారు.

"మకాన్ అయిందా? తినలేదు కదా, నాకు తెలుసు. రా, కూర్చో."

అన్నం కలిపి ముద్దలు పెట్టేవారు. తల దువ్వి జడ వేసేవారు. మా అమ్మకు వీసా వచ్చేలోపు అమ్మ చేసే పనులన్నీ ఆమె చేశారు. ఒకరోజు ముద్ద పెడుతూ అడిగారు.

"నిన్ను తవ్వి తీసినాడే, ఆ మనిషి సేతులు ఎలాగున్నాయమ్మా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా ఆయన అడగలేదు, డాక్టర్లు అడగలేదు, నేనూ అడగలేదు.

"తెలీదు ఆంటీ."

"అలామక్! తెలీదేటి? ఫోన్ కొట్టలేదా?"

నీళ్లు కావాలన్నాను. ఆమె లేచి వెళ్లారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనే రోజూ ఆమె ఎత్తుతారేమోనని భయపడేదాన్ని.

జూలై చివర్లో ఆపరేషన్ అయింది. సెప్టెంబరులో ఆఫీసుకు వెళ్లాను. మిగిలిన వేళ్లతో టైపింగ్ నేర్చుకోవడం కష్టమేమీ కాలేదు. కష్టం ఇంకొకటి. రెండో వారంలో సర్వర్లు పెట్టిన గదిలోకి వెళ్లాల్సి వచ్చింది. ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. బరువైన తలుపు నా వెనక మూసుకుంది. ఆ చప్పుడుకు ఊపిరి ఆగిపోయింది. ఛాతీ మీద సిమెంటు పడింది. నేల మీద కూలబడి, చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని ఉన్నానట. శుభ్రం చేయడానికి వచ్చిన మలయ్ ఆవిడ నన్ను కావలించుకుని బయటికి తెచ్చి, సంచిలోంచి తలకు కట్టుకునే తన వస్త్రం తీసి భుజాల చుట్టూ కప్పింది.

అప్పటి నుంచి చల్లటి చోటల్లా నాకు గండమే. ఈ ఊళ్లో చలి ఆకాశం నుంచి రాదు, మిషన్ల నుంచి వస్తుంది. రైల్లో, బస్సులో, దుకాణంలో, లిఫ్టులో. రైలు తలుపు మూసుకోగానే తర్వాతి స్టేషన్లో దిగిపోయేదాన్ని. ఆఫీసుకు చేరేసరికి మూడుసార్లు దిగి ఎక్కేదాన్ని. ఇంట్లో ఎయిర్‌కాన్ ఆపేశాను. "సో హాట్ లా, అమ్మా! వై కెనాట్ ఆన్?" అని మేఘన ఏడ్చేది. చివరికి అది సోఫా దిండ్లు లాక్కెళ్లి వరండా కిటికీ దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. మా ఆయనకూ నాకూ మాటలు తగ్గాయి. ఆయన సహనంగా ఉన్నకొద్దీ నాకు చిరాకు పెరిగేది. ఎందుకో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. నెమ్మదైన మనిషి. మంచు పడ్డాక జరిగినదంతా చెప్పాను. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆమె అడిగారు. "మంచు పడిన తర్వాతి సంగతులు నాకు బాగా తెలిశాయి. దానికి ముందు గంటలో ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. నడిచాం" అన్నాను. ఆమె రాసుకున్నారు.

దీపావళి ముందు లక్ష్మి ఆంటీ వంటింట్లో మురుకులు వండుతుంటే పక్కన కూర్చున్నాను. వేడి నూనె దగ్గర నాకు హాయిగా ఉండేది. ఆమె గుండ్రంగా చుట్లు తిప్పుతూ వాళ్ల నాన్న గురించి చెబుతున్నారు. ఓడరేవులో ఒక ప్రమాదానికి ఆయన తప్పు లేకపోయినా ఆయన పేరు రాశారట. పై అధికారి తప్పించుకోవడానికి. పని తర్వాత దొరికింది గానీ, సాయంత్రాలు నలుగురిలో కూర్చోవడం మానేశారట.

ఆమె ఏ ఉద్దేశంతోనూ చెప్పలేదు. నేను మాత్రం అక్కడే మొదలుపెట్టి అంతా చెప్పేశాను. వద్దన్నది, బెదిరించింది, తొడుగులు, వేలిముద్ర. ఆమె పొయ్యి ఆపారు. నన్ను ఓదార్చలేదు.

"మీ ఆయనకు సెప్పు. ఇయ్యాలే సెప్పు. నాకు సెప్పి ఏటి లాభం?" అన్నారు.

ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన టీవీ కట్టేసి విన్నారు.

"రెండుసార్లు వద్దన్న్యాడా?"

"అవును."

"నేను రాసిందంతా అబద్ధమా, వసంతా? వాని కడుపు కొట్టింది నేనా?"

"మీరు కాదు. నేను."

"రాసింది నా చేత్తో కదా!"

చెప్పులు వేసుకుని కిందికి వెళ్లిపోయారు. కిటికీలోంచి చూస్తే బ్లాకు కింద సిమెంటు బల్ల దగ్గర ఒక్కరే కూర్చుని ఉన్నారు. గంట తర్వాత వచ్చి అన్నారు. "నువ్వే రాయి. నీ చేత్తోనే రాయి. నేను ఒక్క అక్షరం కూడా దిద్దను." ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. దాన్ని నేను తప్పు పట్టను.

వెంటనే రాశానని చెప్పాలని ఉంది. రాయలేదు. నవంబరు గడిచింది, డిసెంబరు గడిచింది. రోజుకొక వాక్యం రాసి కొట్టేసేదాన్ని. ప్రతి వాక్యంలోనూ 'పరిస్థితుల వల్ల', 'అనుకోకుండా' అనే మాటలు ఎక్కడో దూరేవి. జనవరిలో డాక్టరమ్మకు ఆ ముందు గంటలో ఏం జరిగిందో చెప్పాను. ఆమె అన్నారు, "మీరు నాకు చెప్పినట్టే రాయండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు." అలాగే రాశాను. ఒక పేజీకి మించలేదు. ఆఫీసులోని ఆ నలుగురికీ చూపించి, మీ నోరు కట్టేసింది నేనేనని ఒప్పుకున్నాను. నలుగురూ కింద సంతకాలు పెట్టారు.

మార్చిలో సంస్థ నుంచి జవాబు వచ్చింది. తెలియజేసినందుకు కృతజ్ఞతలని, ఆ వ్యక్తి ప్రస్తుతం తమ దగ్గర పనిచేయడం లేదని. రెండు వరుసలు. వాళ్లను నేనేమీ అనలేను. వాళ్లకు ఒక పేరు కావాల్సి వచ్చింది, ఆ పేరు ఇచ్చింది నేను.

రైల్లో మూడు స్టేషన్లు దిగకుండా వెళ్లగలిగింది ఆ నెలలోనే. కారణం ఉత్తరమా, మందులా నాకు తెలియదు. నిజం చెబితే జబ్బు నయమవుతుందని నేను అనను. అలా అంటే అది కూడా నా లాభం కోసమే చెప్పినట్టవుతుంది.

జీపు దారి చివర ఉన్న టీ కొట్టుకు ఫోన్ ఉందని వంటవాడి ద్వారా తెలిసింది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉదయం చేశాను. దోర్జేను పిలిపిస్తామన్నారు. అరగంట తర్వాత మళ్లీ చేశాను. మా ఆయన పక్కన కూర్చున్నారు.

"దీదీ, మీ చేతులు ఎలా ఉన్నాయి?" అది అతని మొదటి మాట.

నేను చెప్పాను. అతనివి అడిగాను. ఎడమచేతిలో రెండు వేళ్లు తీసేశారట. కుడిచేతిలో ఒకటి. ఆపిల్ తోటల్లో పని చేస్తున్నాడట. బుట్టలు ఎత్తగలడు, తాడు ముడి గట్టిగా వెయ్యలేడు. ఇంకో సంస్థ పిలిస్తే వెళ్తావా అని అడిగాను. తాడు ముడి వెయ్యలేనివాణ్ణి ఎవరు పిలుస్తారు దీదీ అన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు.

నేను రాసిన ఉత్తరం సంగతి చెప్పాను. అతనికి తెలియదు, సంస్థవాళ్లు చెప్పలేదు. క్షమించమని అడగాలని రాసి పెట్టుకున్నాను గానీ, ఆ మాట అడిగితే అతను సరేనంటాడని తెలుసు. సరేననిపించుకునే హక్కు నాకు లేదనిపించింది. "నేను చేసింది తప్పు దోర్జే" అని మాత్రం అన్నాను.

అటు టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"ఆ ఉత్తరం హిందీలో చదువుతారా?" అన్నాడు. "నాకు కాదు. మా నాన్నకు. ఇక్కడే కూర్చుని ఉన్నాడు. పోయిన ఏడు నుంచి ఆయన నాతో కొండ మాట ఎత్తడం లేదు. నలభై ఏళ్లు ఆ దారిలో తిరిగిన మనిషి. మధ్యాహ్నం పూట ఆ గాడిలోకి జనాన్ని తీసుకెళ్లిన కొడుకంటే ఆయనకు ఏం చెప్పాలో తెలియదు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. కాగితం మీద వేరే ఉంది కదా."

ఫోన్ చేతులు మారింది. ముసలాయన ఊపిరి వినిపించింది. నేను చదవడం మొదలుపెట్టాను. నా హిందీ అంతంతమాత్రం. 'బెదిరించాను' అన్న చోట మాట దొరక్క ఆగాను. మా ఆయన ఆ మాట నెమ్మదిగా అందించారు.

మొత్తం అయిపోయాక ముసలాయన అడిగారు. "పదకొండు గంటలకా?"

"అవునండీ."

"వాడు వద్దన్నాడా?"

"రెండుసార్లు వద్దన్నాడు. నేనే వినలేదు."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కొంచెం దూరం నుంచి ఆయన గొంతు, తమ భాషలో, ఏదో చిన్న మాట. దోర్జే జవాబు. మళ్లీ ఆయన. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను ఇంకాసేపు విని, చప్పుడు కాకుండా ఫోన్ పెట్టేశాను.